సలాక అల్మారీలో ఉంది

ఆదిలాబాద్,
20 నవంబరు 1960.

పెద్దపల్లి స్టేషన్‌లో పాయింట్లు మార్చి వందలాది రైళ్ళకు దారి చూపి, అందులో ఒక్కదాన్ని కూడా ఇంటికి తోలుకపోని నిస్వార్థ మూర్తి, మా అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు, రాయమల్లు మామ దివ్య సముఖమునకు —

ముందుగా క్షమాపణ. నేను ఇదివరకు చేసిన, ఇకముందు చేయబోయే, చేద్దామనుకొని బద్ధకం వల్ల వదిలేసిన సమస్త అపరాధాలకూ సాష్టాంగపడి క్షమాపణ వేడుకొంటున్నాను. బి.కాం. చదివినందుకు క్షమించు. రెండో తరగతిలోనే పాసైనందుకు క్షమించు; మొదటి తరగతి వస్తే నువ్వు ఊరందరికీ చెప్పి గొంతు పోగొట్టుకుందువు. నెల రోజులు ఉత్తరం రాయనందుకు క్షమించు. ఈ ఉత్తరంలో నా గొప్పలు తప్ప మరేమీ లేనందుకు మరీ మరీ క్షమించు. ఇంత పెద్ద క్షమాపణ ఒక్కసారే చెప్పి పెట్టుకుంటే తర్వాత చిల్లర క్షమాపణల అవసరం రాదని నా ఆలోచన.

ఇక విషయం. నువ్వు కాయిదం రాసిచ్చిన పుణ్యాన సేటు నన్ను తన పత్తి మిల్లుకు అసిస్టెంటు మేనేజరును చేసిండు. మేనేజరు లేడు. కాబట్టి నేను ఎవరికి అసిస్టెంటునో ఇంకా తేలలేదు. మిల్లులో ఇరవైనాలుగు జిన్నులు. ఒక్కో జిన్ను ముందు ఒక్కో ఆడమనిషి కూర్చొని గింజ పత్తి పోస్తుంటే ఇటు దూది పడతది, అటు గింజ రాలతది. ఇరవైనాలుగింటినీ తిప్పే ఇంజిన్ పక్క గదిలో ఉన్నది. ఆ ఇంజిన్‌ను తిప్పేది నీ దోస్తు ఇస్తారి కాక. కాజీపేట షెడ్డులో మీరిద్దరూ బొగ్గు ఎగేసిన కథలు రోజుకొకటి చెప్తుండు. అన్నిట్లో నువ్వే కింద పడతవు.

కాక తన ఇంట్లోనే ఒక అర్ర ఇచ్చిండు. ఆయన భార్య దేవవ్వ రెండు పూటలా జొన్నరొట్టె చేసి పెడుతున్నది. చాలమ్మా అంటే వినదు. "సదువుకున్న కడుపు సిన్నగైతదా బిడ్డా? ఇంకోటి ఏసుకో" అంటది.

ఈ మిల్లులో ఒక వింత ఉన్నది మామా. ఇంజిన్ గది బయట గోడకు ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుంటది. (ఏ రైల్వేది, ఎట్ల వచ్చింది అని నేను అడగను. నువ్వు సిగ్గుపడతవు.) దాని పక్కన ఒక ఇనుప సలాక. జిన్నుల మోతలో మనిషి అరిస్తే ఆ అరుపు ఆ మనిషికే వినపడదు. అందుకని ఎవరికి ఏ ఆపద వచ్చినా ఉరికిపోయి సలాకతో ఆ పట్టా ముక్కను ఖణేల్ ఖణేల్ కొడతరు. కాక మారుమాట లేకుండ బెల్టు జార్చి మిల్లు మొత్తం ఆపుతడు. ఎవరు కొట్టిండ్రు, ఎందుకు కొట్టిండ్రు అనేది ఆపినంక అడుగుతడు.

మొన్న పాము వచ్చిందని కొట్టిండ్రు. సరే. నిన్న ఐలవ్వ తన ముక్కుపుల్ల పత్తిలో పడ్డదని కొట్టింది. ఇరవైనాలుగు జిన్నులు ఆగినయి. అరవై మందిమి కూడి అరగంట వెతికినం. దొరికింది. ఆమె ముక్కుకే ఉన్నది.

ఇది మిల్లా, జాతరా? మా కామర్సు మాస్టారు నల్లబల్ల మీద రాసిన నిర్వహణ సూత్రాలు నా నోటుబుక్కులో వెలిగిపోతున్నయి. త్వరలో ఈ అంధకారాన్ని పోగొడతానని మనవి.

నీ అల్లుడు,
లింగమూర్తి, బి.కాం.

*

పెద్దపల్లి,
2 డిసెంబర్ 1960.

అల్లుడు లింగమూర్తికి,

నీ కాయిదం అందింది. క్షమాపణ చదువుటానికే ఒక పాసింజరు, ఒక గూడ్సు పోయినయి. గంత పొడుగు అవసరమా? తప్పు చేసినోడు రెండు మాటలల్ల చెప్తడు.

మీ అవ్వ చొప్పదండి నుంచి మనిషిని పంపింది. కొడుకు సాబు అయిండని ఊరంత చెప్పుకుంటున్నదట. నువ్వు జర ఆమెకు గూడ ఒక కార్డు ముక్క రాయి.

ఇస్తారి గురించి ఒక్క మాట. షెడ్డుల కింద పడ్డది నేను కాదు, వాడే. అది పక్కన పెట్టు. వానికి అక్షరం ముక్క రాదు. గాని ఇంజిన్ దగ్గర చెవి పెట్టి ఎక్కడ ఏ నట్టు వదులయిందో చెప్తడు. ఇంకో సంగతి. వాడు ఒక మనిషిని నమ్మిండంటే ఇగ ఎన్కకు చూడడు. నిన్ను నా అల్లునివని నమ్ముతుండు. నువ్వు మంచోనివా కాదా అని వాడు చూసుకోలే. నా పేరు మీద నిన్ను ఇంట్ల పెట్టుకున్నడు. అది యాదికి పెట్టుకో.

సూత్రాలు ఏందో నాకు తెల్వది. కొత్తగ పోయినోడు మొదటి ఆర్నెల్లు చూడాలె, రెండో ఆర్నెల్లు అడగాలె. చెప్పుడు తర్వాత.

పట్టా ముక్క సంగతి అడగనన్నవు గద, అడగకు.

మామ,
రాయమల్లు

*

ఆదిలాబాద్,
10 జనవరి 1961.

ఆర్నెల్లు చూసి ఆర్నెల్లు అడిగే లోపల పత్తి సీజను రెండుసార్లు ముగిసిపోతదని తెలియని మామకు, విజయ వార్త.

చూసిన. అడిగిన. రెండూ కలిపి యాభై రోజుల్లో పూర్తి చేసిన. చదువు ప్రయోజనం అదే గద.

విను. మా మాస్టారు చెప్పిన సూత్రాల్లో తలమానికం ఇది: ఒక మనిషికి ఒక్కడే పైవాడు ఉండాలె. ఇద్దరు ఆజ్ఞలిస్తే వాడు ఎవరి మాటా వినకుండ పోతడు. మరి ఇస్తారి కాకకు పైవాళ్ళు ఎందరు? కూర్చొని లెక్కపెట్టిన. అరవై ఒక్కరు. సలాక అందిన ప్రతి చెయ్యీ ఆయనకు పైవాడే. డిసెంబరు నెలలో మిల్లు పద్దెనిమిదిసార్లు ఆగింది. అందులో నిజమైన ఆపదలు రెండు. మిగిలినవి ముక్కుపుల్ల జాతివే.

కాబట్టి కొత్త పద్ధతి పెట్టిన. సలాక ఇప్పుడు నా ఆఫీసు అల్మారీలో ఉంది. ఏ వస్తువుకు ఆ చోటు అనేది మరో సూత్రం. తాళంచెవి నా జేబులో. ఇంజిన్ ఆపాలంటే వచ్చి నాకు చెప్పాలె. నేను చిట్టీ రాసి టైము వేసి సంతకం పెడత. చిట్టీ కాక దగ్గరికి పోతది. అందినట్టు ఆయన దాని వెనక వేలిముద్ర వేస్తడు, ఆపుతడు. చిట్టీ ఫైలుకెక్కుతది. సేటు మురిసిపోయి నా వీపు తట్టిండు. గుజరాతీలో ఏదో అన్నడు. పొగిడిండనే అనుకుంటున్న.

కాకకు అలవాటు కావాలని మూడుసార్లు ఉత్తుత్తి చిట్టీలు పంపిన. మొదటి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"బిడ్డా, ఇందుల ఏం రాసున్నదో నాకెట్ల ఎరుక?"

"నేను పంపిన చిట్టీ అయితే ఆపమనే ఉంటది కాకా."

"గట్లయితే మంచిదే. నువ్వు రాసినంక నేను చదువుడెందుకు?" అని వేలు వేసిండు. ఇంకు డబ్బా ఖర్చు కూడా లేదు మామా. ఆయన బొటనవేలికి ఎప్పుడూ ఇంజిన్ మసి ఉండనే ఉంటది.

ఎదురు మాట్లాడింది ఒక్కతే. ఏడో నంబరు జిన్ను సారక్క. నోరు పెద్దది, పని అంతకంటె పెద్దది. అందరి ముందట లేచి నిలబడ్డది.

"సారూ, పాము కాటేస్తనని వస్తే ఏమనాలె? చిట్టీ వచ్చేదాంక జర కూసో తల్లీ అనాల్నా?"

అరవై మంది గొల్లున నవ్విండ్రు. నేనూ నవ్విన. నా నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది, అంతే.

నీ అల్లుడు,
లింగమూర్తి
(ఇప్పుడు బి.కాం. అని రాయను. పని చూస్తే తెలుస్తది.)

*

పెద్దపల్లి,
21 జనవరి 1961.

లింగమూర్తికి,

నీ విజయ వార్త చదివిన. మా దగ్గర గూడ రూలు పుస్తకం ఉన్నది, ఇటుక అంత మందం. ఎవల పని ఆళ్ళదే. స్టేషన్ మాస్టర్ చెప్పంది నేను పాయింటు ముట్ట. ఆయన తప్ప ఇంకెవలు చెప్పినా ముట్ట. గా సూత్రం మంచిదే, నేను కాదన.

గాని ఒక సంగతి చెప్త. రెండేండ్ల కింద మా అవతలి మలుపు కాడ పోశవ్వ అని మేకలు కాసే ముసలామె పట్టాల నడుమ నిలబడి గొంగడి ఊపింది. వచ్చేది మెయిలు. డ్రైవర్ ఆపిండు. దిగి ఆమెను బండబూతులు తిట్టుకుంట వచ్చిండు. ఆమె తిట్లన్ని విని, "పట్టా పలిగింది దొరా, జర చూసి పోరాదు" అన్నది. చూస్తే నిజంగనే పలిగి ఉన్నది, చెయ్యి పట్టేంత. ఆ బండ్ల ఎనిమిది వందల మంది ఉన్నరు.

ఆమెకు ఏ సాబు అధికారం ఇచ్చిండు? ఆమె ఎవల కింద పని చేస్తది? మా రూలు పుస్తకంల ఉన్నది, ఆపద చూసిన మనిషి ఎవలైన సరే, చేతులు ఊపితే చాలు, డ్రైవర్ ఆపాలె. తర్వాత అడగాలె. బండి నడిపించేటందుకు ఒక్కడే పెద్ద ఉండాలె అల్లుడా. ఆపేటందుకు ఎవలైన సరే.

ముక్కుపుల్ల కోసం పదహారు సార్లు ఆగితే ఆగనియ్యి. ఆ పదహారు సార్లు ఆగింది కాబట్టే మిగిలిన రెండు సార్లు గూడ ఆగింది. సలాక తీసి గోడకు పెట్టు.

మామ

*

ఆదిలాబాద్ పోస్టాఫీసు,
9 ఫిబ్రవరి 1961, గురువారం.

మేకల పోశవ్వ శిష్యులైన మామకు —

ఈ ఇన్లాండు పోస్టాఫీసు బల్ల మీద, దారంతో కట్టేసిన కలంతో రాస్తున్న. అక్షరాలు వంకరపోతే కలానిదే బాధ్యత. మిల్లు రిజిస్టరు కవర్లు వేయడానికి మనిషిని పంపేది. కాని నీకు ఈ మాట నా చేత్తో రాసి నా చేత్తో డబ్బాలో వేయాలని నేనే వచ్చిన. పోస్టుమాస్టరు నెత్తి మీది గడియారం పదీ ముప్పైఅయిదు చూపుతున్నది. పదకొండుకు సంచి మూతి కడతరట. నా ముందు వరుసలో ఇంకా తొమ్మిది మంది ఉన్నరు.

మాట ఇది: ఇవాల్టికి ముప్పై రోజులైంది, మిల్లు ఒక్కసారి కూడా ఆగలేదు. ఒక్క చిట్టీ కూడా ఖర్చు కాలేదు. పాములు నా ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకోవడానికి భయపడుతున్నయి. ముక్కుపుల్లలు ముక్కులకే ఉంటున్నయి. అల్మారీ తాళంచెవి నా జేబులో గల్లుగల్లుమంటున్నది, ఆ చప్పుడు నీకు వినిపించాలనే ఈ ఉత్తరం.

రైల్వే వారి సలహా ఫైలు చేయబడింది.

లింగమూర్తి

*

ఆదిలాబాద్,
15 ఫిబ్రవరి 1961.

రాయమల్లు మామకు,

మిల్లులో ఒక విచారకరమైన సంఘటన జరిగింది. నీకు ఇంకొకరి నోట తెలిసే ముందు నేను తెలియజేయడం మంచిదని రాస్తున్న.

9వ తేదీ ఉదయం ఏడో నంబరు జిన్నులో సారక్క కుడిచెయ్యి పడ్డది. నాలుగు వేళ్ళు పోయినయి. బొటనవేలు ఉన్నది. దవాఖానలో ఉన్నది, ప్రాణానికి భయం లేదన్నరు. సమాచారం అందిన వెంటనే ఇంజిన్ ఆపవలసిందిగా చిట్టీ జారీ చేయబడింది. దాని మీద పదీ నలభై అని టైము ఉన్నది. డ్రైవరు వేలిముద్ర కూడా ఉన్నది. అయితే ఇంజిన్ ఆగేసరికి పదీ నలభైఅయిదు దాటింది. ఆజ్ఞ అందినా అమలు చేయడంలో జాప్యం జరిగినట్టు సేటు భావించిండు. డ్రైవరును పని నుంచి తీసివేయడం జరిగింది. ఫ్యాక్టరీ ఇన్స్పెక్టరు గారు మార్చి 20న విచారణకు వస్తరు.

ఇందులో ఎవరి తప్పు ఎంత అనేది విచారణలో తేలుతది. పద్ధతి ప్రకారమే అంతా జరిగింది.

నేను కుశలమే. అర్ర మారిన. ఇప్పుడు మిల్లు వెనక గదిలో ఉంటున్న.

పాములు, ముక్కుపుల్లలు అని రాసిన ఆ ఇన్లాండు నీకు అంది ఉంటే చించేయి. అందులో హాస్యం బాగా రాలేదు.

లింగమూర్తి

*

పెద్దపల్లి,
2 మార్చి 1961.

లింగమూర్తికి,

ఇస్తారి వచ్చిండు. మంచిర్యాల దాక బస్సుల, ఆడికెళ్ళి రైలుల. చేతుల ఒక రేకుపెట్టె. ఈడ రైసుమిల్లుల ఏదన్న పని ఉంటదా అని అడిగిండు. ముప్పై ఏండ్ల సంది ఇంజిన్ దగ్గర ఉన్నోడు, నిన్న బస్తాలు మోసే వరుసల నిలబడి వచ్చిండు. పేరు పాడయిందట. చెయ్యి పోయేదాంక ఇంజిన్ ఆపలేదట అని అడిగినోడల్ల అంటుండు, ఎవలు పెట్టుకుంటరు?

ఏమైందిరా అని అడిగిన. "అయింది" అన్నడు. మా లింగడు ఏం చేసిండు అని అడిగిన. "పోరనికి ఏం తెలుసు పాపం" అన్నడు. నీ గురించి అడిగింది ఒక్కటే. అర్ర మారిండు గద, తింటుండా లేదా అని. దేవవ్వ రొట్టె పంపుడు బంద్ చేయలేదని చెప్పిండు.

నిజమేనా లింగా? గా ఇంటి రొట్టె నీకు ఇంకా వస్తున్నదా?

మీ మిల్లు తూకం మనిషి భూమన్న చెప్పిన మాట ఒక్కటి మాత్రం ఇస్తారి నోరు జారిండు. సారక్క చెయ్యి పడ్డది చూసి భూమన్న సలాక కోసం ఉరికిండట. గోడకు లేదు. ఆఫీసుకు ఉరికిండట. తాళం ఉన్నది. ఆడనే నిలబడి తలుపు బాదిండట, రూలు గదే గద. తర్వాత ఇంజిన్ కాడికి పోతే ఇస్తారి చిట్టీ అడగకుండనే బెల్టు జార్చిండు.

చిట్టీ లేకుండ ఆపిన మనిషికి చిట్టీ ఎట్ల అందింది?

రాయి.

రాయమల్లు

*

ఆదిలాబాద్,
8 మార్చి 1961.

మామా,

భూమన్న ఆ మాట ఇప్పుడు అంటలేడు. సేటు ఒక్కసారి చూస్తే, "నేను సరింగ చూడలే దొరా" అన్నడు. గడబిడలో ఎవరికి ఏ నిమిషం యాదికుంటది? నేను పోస్టాఫీసు నుంచి ఎప్పుడు వచ్చిన్నో నాకే సరిగ్గా తెలియదు. గడియారాలు కూడా ఒకదానితో ఒకటి కలవవు. ఒక చోట పదీ నలభై అంటే ఇంకో చోట పదీ యాభై.

నిన్న దవాఖానకు పోయిన. సారక్కకు నాలుగు సంత్ర పండ్లు తీసుకపోయిన. ఆమె వాటిని చూసి, "వలిచేదెవరు సారూ?" అన్నది. వలిచి ఇచ్చిన. తినలేదు. పక్క మంచం పిల్లకు ఇచ్చింది. లేచి వస్తుంటే కండ్లు తుడుచుకుంట అన్నది: "ఏడ్సుటానికి గూడ చిట్టీ కావాల్నా సారూ? కావాలంటే చెప్పు, రాయించుకుంట."

ఈ మాటకు జవాబు ఏమైనా ఉంటే రాయి.

రొట్టె వస్తున్నది. రోజూ పొద్దున గుడ్డలో కట్టి కిటికీలో పెట్టి పోతున్నది దేవవ్వ. నేను తలుపు తీయను. ఆమె పోయినంక తింట. తినకుండ ఉండాలని రెండు రోజులు చూసిన, ఆమె మూడో రోజు వచ్చి కట్ట విప్పని గుడ్డ చూసి, "పాణం మంచిగ లేదా బిడ్డా" అని కిటికీలకెల్లి అడిగింది. అప్పటి నుంచి తింటున్న.

ఆ ఇన్లాండు చించినవా? చించినట్టు ఒక కార్డు రాయి.

లింగమూర్తి

*

పెద్దపల్లి,
13 మార్చి 1961.

లింగా,

చించలే. ఈ కవర్ల పెట్టి నీకే పంపుతున్న.

మా స్టేషన్ల ప్రతి బండి వచ్చిన టైము, పోయిన టైము రాస్తరు. తప్పు రాస్తే నౌకరి పోతది. ఎందుకో ఎరికేనా? ఒక బండి ఉన్న జాగల లేదని రాస్తే అదే జాగకు ఇంకో బండి వస్తది.

నువ్వు పోస్టాఫీసుల కూసున్నవని నువ్వే రాసినవ్. టైము రాసినవ్. ముందట తొమ్మిది మంది ఉన్నరని రాసినవ్. తాళంచెవి జేబుల ఉన్నదని రాసినవ్. ఇన్లాండు మీద పోస్టాఫీసు ముద్ర ఉన్నది. నేను చెప్పేది ఏం లేదు. ఇరవై నాడు ఇన్స్పెక్టర్ వస్తడు. ఇస్తారిని గూడ పిలిచిండ్రు, వస్తుండు. కాయిదం నీది. పొయ్యిల పెడతవా, ఆయన చేతుల పెడతవా, నీ ఇష్టం.

మీ మాస్టారు చెప్పిన సూత్రాలల్ల అధికారం ఉన్నోనికే జవాబుదారి గూడ ఉండాలె అనేది ఏమన్న ఉన్నదా? ఉంటే గా పేజీ ఒక్కసారి చూసుకో.

ఒక్కటే నాకు సమజయితలేదు. టైము నువ్వు తప్పు వేసినవ్, సరే. గాని ఆ వేలిముద్ర ఇస్తారిదే. వాడే ఒప్పుకుంటుండు. ఎట్ల వేసినవురా అంటే మొకం అటు తిప్పుకుంటుండు. వాడు ఇంతవరకు నా దగ్గర ఏదీ దాయలే.

రాయమల్లు

*

ఆదిలాబాద్,
21 మార్చి 1961.

మామా,

విచారణ అయింది.

ఆ పేజీ చూసిన. ఉన్నది. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది కూడా, అధికారం ఎంత తీసుకుంటే బాధ్యత అంత తీసుకోవాలె అని ఒకటిన్నర పేజీ రాసిన. పదికి ఎనిమిది మార్కులు పడ్డయి. ఇక్కడ ఏదైనా నవ్వే మాట రాద్దామని చూసిన, ఇంతకంటె రాలేదు.

ఇన్స్పెక్టరు ముసలాయన. కండ్లద్దాలు తుడుచుకుంట చిట్టీని వెలుతురుకు పట్టి చూసిండు. సేటు ఒక దిక్కు, నేను ఒక దిక్కు. కాక లోపలికి రమ్మన్నా రాకుండ వసారాలో గోడకు ఆనుకొని నిలబడ్డడు. భూమన్న నేల చూసుకుంట, "నాకు యాదికి లేదు సారు" అన్నడు.

"డ్రైవర్, ఈ వేలిముద్ర నీదేనా?" అని అడిగిండు ఇన్స్పెక్టరు.

"నాదే దొరా."

"చిట్టీ అందినంక ఎందుకు ఆలస్యం చేసినవు?"

కాక నా దిక్కు చూడలేదు. "ముసలోన్ని అయిన దొరా. చెయ్యి జల్ది ఆడలేదు" అన్నడు.

మామా, ఆ చెయ్యి జల్ది ఆడలేదట.

నేను ఇన్లాండు తీసి బల్ల మీద పెట్టిన. చదువుకోమన్న. ఆయన మొదటి పంక్తులు చదివి నవ్వబోయి, కిందికి పోయినకొద్దీ నవ్వు ఆపుకున్నడు. పాముల దగ్గర ఆగి నా మొకం చూసిండు. నా అక్షరాలు ఇంకొకరు చదువుతుంటే ఎదుట నిలబడి ఉండడం ఎట్లుంటదో అప్పుడు తెలిసింది. చిట్టీ నేను తర్వాత రాసినదని చెప్పిన. నేను మిల్లుకు వచ్చేసరికి పదకొండు దాటిందని, అప్పటికి ఇంజిన్ ఆగి ఉన్నదని, ఆపింది కాకేనని, అడ్డుపడ్డది ఆఫీసు తాళం, అల్మారీ తాళమని చెప్పిన. సేటు "అరె, అరె" అన్నడు. ఇన్స్పెక్టరు అంతా రాసుకున్నడు. "మరి వేలిముద్ర?" అన్నడు. "అది కూడా తర్వాతే వేయించిన" అన్న. అదీ రాసుకున్నడు. ఇంకా లోతుకు అడగలేదు.

తప్పు మిల్లుదే అని రాస్తనన్నడు, సారక్కకు రావలసింది వస్తదట. కాకను పనిలోకి తీసుకొమ్మని సేటుకు చెప్పిండు. కాక వసారా నుంచే, "సలాక గోడకు పెడితే వస్త దొరా, లేకుంటే రాను" అన్నడు. ఆ ఒక్క మాటే గట్టిగ అన్నడు. నా నౌకరి పోయింది. పోయే ముందు అల్మారీ తెరిచి, సలాక తెచ్చి, నేనే గోడకు పెట్టిన. చూద్దామని ఒక్క దెబ్బ కొట్టిన. కాక అలవాటు కొద్దీ ఇంజిన్ గదిలోకి ఉరికిండు. ఇంజిన్ నడుస్తనే లేదు, అయినా ఉరికిండు.

రేపు చొప్పదండి పోత. అవ్వకు నేనే చెప్పుకుంట, నువ్వు ముందు చెప్పకు.

నీ ప్రశ్న మిగిలింది. ఇన్స్పెక్టరు అడగంది, కాక చెప్పంది.

ఆ రోజు నేను వచ్చేసరికి సారక్కను వాకిట్లో బస్తాల మీద పడుకోబెట్టిండ్రు. కాక తన రుమాలు విప్పి ఆమె చేతికి చుట్టి, రెండు చేతులతో గట్టిగ పట్టుకొని కూసున్నడు. జీపు కోసం అప్పటికే మనిషి పోయిండు. సేటు నన్ను ఆఫీసులోకి పిలిచి ఒక్క మాట అడిగిండు: "చిట్టీ ఉందా, లేదా?" రాయమనలేదు. ఉందా లేదా అన్నడు, అంతే. నేను "ఉన్నది" అన్న. అని, కూర్చొని రాసిన. రాసి వాకిట్లోకి తీసుకపోయి కాక పక్కన కూసున్న.

"కాకా, దీని మీద వేలు వెయ్యి. సారక్కను దవాఖానకు తీసుకపోను జీపు తెప్పియ్యాలె, దానికి కాయిదం" అన్న.

"జల్ది బిడ్డా, జల్ది" అని ఒక చెయ్యి విడిపించుకొని, వేలికి నెత్తురు ఉన్నదేమో కాయిదం ఖరాబైతదని అంగీకి తుడుచుకొని, ఆ మసి వేలు వేసిండు.

జీపుకు కాయిదం అక్కర లేదు మామా. నేను చేసింది అది.

లింగమూర్తి